ముందు టైరు సందు చూడండి: హైదరాబాద్‌లో ఏడాదంతా తొక్కే రోడ్ బైక్ ఎంపిక

రోడ్ బైక్ కొనడానికి వెళ్లినవాళ్లు షోరూమ్‌లో ముందు చేసే పని, సైకిల్‌ని ఒంటిచేత్తో ఎత్తి చూడటం. తేలిగ్గా లేస్తే మొహం వెలిగిపోతుంది. ఆ తరవాత కార్బనా అల్యూమినియమా, గేర్లెన్ని, నలుపు రంగు ఉందా అని అడుగుతారు. ఎండైనా వానైనా హైదరాబాద్‌లో ఏడాదంతా తొక్కాలనుకునే మనిషి అడగాల్సిన మొదటి ప్రశ్న వీటిలో లేదు. ఈ ఫ్రేములో ఎంత వెడల్పు టైరు పడుతుంది? సుఖం, వేగం, వానాకాలం మూడూ చాలావరకు దీనికి వచ్చే జవాబు మీదే ఆధారపడి ఉంటాయి.

బరువు సంగతి ముందు తేల్చేస్తే మిగతాది సులువవుతుంది. మనిషి, సైకిల్ కలిపి 85 కిలోలు, కాళ్ల బలం 150 వాట్లు అనుకుందాం. 100 మీటర్ల నిలువెత్తు ఎక్కడానికి, ఎత్తు కోసం అయ్యే ఖర్చు ఒక్కటే లెక్కేసినా 9 నిమిషాలకు పైగా పడుతుంది. సైకిల్ 2 కిలోలు తేలికైతే అందులో ఆదా అయ్యేది సుమారు 13 సెకన్లు. అనంతగిరి ఘాట్‌లో పక్కవాడితో పందెం కాస్తే 13 సెకన్లు పెద్ద విషయమే. మెహిదీపట్నం నుంచి గండిపేట దాకా వెళ్లి రావడంలో మాత్రం అది ఒక్క రెడ్ సిగ్నల్‌కు కూడా సరిపోదు. చదును రోడ్డు మీద బరువు ప్రభావం ఇంకా తక్కువ. అక్కడ అడ్డుపడేది గాలి. మామూలు భంగిమలో కూర్చున్న మనిషి గంటకు 25 కిలోమీటర్ల వేగంతో పోతుంటే గాలిని చీల్చడానికి దాదాపు 65 వాట్లు ఖర్చవుతాయి, 30 దగ్గర దాదాపు 110. వేగం అయిదే పెరిగింది, శ్రమ మాత్రం ఒకటిన్నర రెట్లు దాటింది. కాబట్టి వేగం కావాలంటే తూకం కాటా కన్నా ముందు రెండు సంగతులు చూడాలి: రోడ్డు మీద టైరు ఎలా దొర్లుతోంది, సీటు మీద మనిషి ఎంతసేపు ఒంగి ఉండగలుగుతున్నాడు.

ఇక కాలాల మాట. అన్ని కాలాల రోడ్ బైక్ అనే ఆలోచన బాగా పెరిగింది బ్రిటన్ లాంటి దేశాల్లో. అక్కడ చలికాలమంతా రోడ్డు తడిగా ఉంటుంది, మంచు గడ్డకట్టకుండా ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పునీళ్లు సైకిల్‌ని తినేస్తాయి. మనకు చలికాలమే తొక్కడానికి అసలైన సీజన్. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున్నే చల్లగా, పొడిగా ఉంటుంది. ఆ నాలుగు నెలలకు ఏ సైకిలైనా సరిపోతుంది. పరీక్ష పెట్టేవి మిగతా ఎనిమిది. మార్చి నుంచి ఎండ, జూన్ నుంచి సెప్టెంబర్ చివరిదాకా, ఒక్కోసారి అక్టోబర్‌లోకి కూడా వాన, వాన లేనప్పుడల్లా దుమ్ము. 2020 అక్టోబర్ వరదలు చూసినవాళ్లకు వానాకాలం క్యాలెండర్ ప్రకారం ముగియదని వేరే చెప్పక్కర్లేదు. అన్నట్టు, ఉప్పు మనకూ ఉంది. అది రోడ్డు మీద కాకుండా రైడర్ చెమటలో ఉంటుంది. వేసవిలో హ్యాండిల్ మీదకు ధారగా కారే చెమట టేపు కింద అల్యూమినియాన్ని, హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగుల్ని నెమ్మదిగా తింటుంది. రెండు మూడేళ్ల తరవాత టేపు విప్పితే కనిపించే తెల్లటి పొడి అదే. ఇంట్లో సైకిల్‌ని కదలకుండా నిలిపే ట్రైనర్ స్టాండు మీద బిగించి తొక్కేవాళ్ల సైకిళ్లకు ఈ జబ్బు ఎక్కువ.

రోడ్ల గురించి ఒక్క మాటలో చెప్పడం కష్టం. కోకాపేట చుట్టుపక్కల కొత్త రోడ్లు అద్దంలా ఉంటాయి. 2023 అక్టోబర్ 1న మొదలైన ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ సైకిల్ ట్రాక్ 23 కిలోమీటర్లు, నెత్తిన సోలార్ ప్యానెళ్ల కప్పుతో, నానక్‌రామ్‌గూడ వైపు ఒక ముక్క, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకో ముక్క. అక్కడ వెంట్రుకంత సన్నటి టైరుతోనైనా హాయిగా పోవచ్చు. చిక్కల్లా అక్కడికి చేరుకోవడమే. దిల్‌సుఖ్‌నగర్ నుంచో మల్కాజ్‌గిరి నుంచో బయల్దేరిన సైకిల్ ముందు ఫ్లైఓవర్ అతుకులు, కాలనీ సీసీ రోడ్ల పగుళ్లు, రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు, రోడ్డుకు అంగుళం పైనో కిందో ఉండే మ్యాన్‌హోల్ మూతలు దాటాలి. ఊరు దాటి శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు వెళ్తే తారు బాగుంటుంది కానీ ప్రతి పల్లె మొదట్లో రంబుల్ స్ట్రిప్స్, అంటే వేగం తగ్గించడానికి వేసే సన్నటి గట్లు, వరసగా వస్తాయి. వంద కిలోమీటర్ల రైడ్‌లో నడుమునూ మణికట్టునూ అరగదీసేది ఎక్కుడు కన్నా ఇవే.

టైరు ఇక్కడే ముఖ్యమవుతుంది. సన్నటి టైరు, రాయిలా గట్టి గాలి ఉంటేనే వేగం అని చాలాకాలం నమ్మారు. ఒకప్పుడు రేసుల్లో 23 మిల్లీమీటర్ల టైరే ప్రమాణం. ఇప్పుడు టూర్ డి ఫ్రాన్స్‌లోనే 28, 30 వాడుతున్నారు, అదీ సుఖం కోసం మాత్రమే కాదు. ఒకే బరువు, ఒకే గాలి ఒత్తిడి ఉంటే నేలను తాకే వైశాల్యం ఏ టైరుకైనా దాదాపు ఒకటే. సన్న టైరులో అది పొడుగ్గా, వెడల్పు టైరులో పొట్టిగా ఉంటుంది. పొట్టిగా ఉన్నప్పుడు టైరు గోడ తక్కువ వంగుతుంది, వంగిన ప్రతిసారీ రబ్బరులో వేడిగా పోయే శక్తి తగ్గుతుంది. గరుకు రోడ్డు మీద దీనికి ఇంకో లెక్క తోడవుతుంది. వంద పీఎస్‌ఐ కొట్టిన 25 మిల్లీమీటర్ల టైరు ప్రతి గులకరాయికీ ఎగిరి పడుతుంది. ఎర్ర బస్సు చివరి సీట్లో కూర్చున్నట్టు ఒళ్లంతా అదురుతుంది. ఆ అదురు ఊరికే రాదు, ముందుకు పోవాల్సిన శక్తిలోంచే కొంత కండరాల్లో, కీళ్లలో అరిగిపోతుంది. 70, 75 కిలోల మనిషికి 32 మిల్లీమీటర్ల టైరులో 60 పీఎస్‌ఐ చుట్టుపక్కల చాలు. చేతికి మెత్తగా, నెమ్మదిగా ఉన్నట్టు అనిపిస్తుంది కానీ మన రోడ్ల మీద స్పీడోమీటర్ మరోలా చెబుతుంది. అదురు తగ్గగానే మెదడు దాన్ని వేగం తగ్గినట్టు లెక్కేసుకుంటుంది, అందుకే పాత నమ్మకం ఇంకా చావలేదు.

వెడల్పు ఒక్కటే కాదు, టైరు నాణ్యత కూడా. చవక సైకిళ్లతో వచ్చే ఇనప తీగ అంచు టైరుకీ, కాంటినెంటల్ గ్రాండ్ ప్రిక్స్ 5000 లాంటి మెత్తటి అల్లిక ఉన్న టైరుకీ తేడా తొక్కిన మొదటి కిలోమీటరులోనే తెలుస్తుంది. దొర్లడానికి పట్టే నిరోధపు గుణకం 0.007 నుంచి 0.004కు తగ్గిందనుకుంటే, 85 కిలోల మొత్తం బరువుకు, 30 కిలోమీటర్ల వేగం దగ్గర ఆదా అయ్యేది సుమారు 20 వాట్లు. సైకిల్ బరువు రెండు కిలోలు తగ్గించడానికి అయ్యే ఖర్చులో చిన్న ముక్కతో ఇది దొరుకుతుంది. వేసవిలో గాలి కొట్టేటప్పుడు ఒక చిన్న జాగ్రత్త: పొద్దున 25 డిగ్రీల్లో 70 పీఎస్‌ఐ కొట్టిన టైరు 45 డిగ్రీలకు వేడెక్కితే ఒత్తిడి 5, 6 పీఎస్‌ఐ పెరుగుతుంది. టైరు గోడ మీద రాసిన గరిష్ఠ అంకె దాకా కొట్టి ఎండలో పెట్టకపోవడం మంచిది.

పంక్చర్ల మాట ఎత్తకుండా ఊరి బయట రైడ్ గురించి రాయలేం. గాజు పెంకులు, మేకులు ఎలాగూ ఉన్నాయి. రోడ్డు అంచున ఉండే అసలు శత్రువులు పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్లు. పల్లేరు కాయ ఎటు పడ్డా ఒక ముల్లు పైకే ఉంటుంది. అమెరికా సైక్లిస్టులను ఏడిపించేదీ ఈ మొక్కే. ట్యూబ్‌లెస్ టైరులో పోసే సీలెంట్ అనే జిగురు ద్రవం ఇలాంటి చిన్న రంధ్రాలను అక్కడికక్కడే మూసేస్తుంది. అయితే మన ఎండకు అది త్వరగా ఎండిపోతుంది, రెండు మూడు నెలలకోసారి చూసి పోసుకోవాలి. ఆ ఓపిక లేకపోతే ట్యూబులే నయం, ఇందులో నామోషీ ఏమీ లేదు. ఏదైనా సరే సీటు కింద ఒక ట్యూబు, టైరు లివర్లు, ఒక మినీ పంపు ఉండాల్సిందే. గల్లీ సైకిల్ షాపులో సన్నటి ప్రెస్టా వాల్వు ట్యూబు దొరకడం కష్టం. పెట్రోల్ బంకు గాలి గొట్టం దానికి పట్టదు, పదుల రూపాయల్లో దొరికే ఇత్తడి అడాప్టర్ జేబులో ఉంటే పడుతుంది.

టైరు తరవాత మాట్లాడుకోవాల్సింది కూర్చునే తీరు. దీన్ని సేల్స్‌మన్ మాటల మీద కాకుండా కంపెనీ ఇచ్చే జామెట్రీ పట్టికలో రెండు అంకెల మీద చూడాలి, స్టాక్, రీచ్. పెడళ్ల కాడలు తిరిగే ఇరుసు మధ్య నుంచి, హ్యాండిల్ దిగే ఫ్రేము ముందు గొట్టం పైభాగం ఎంత ఎత్తులో ఉందో చెప్పేది స్టాక్, ఎంత ముందుకు ఉందో చెప్పేది రీచ్. స్టాక్‌ను రీచ్‌తో భాగిస్తే రేసు సైకిళ్లకు 1.4కి కాస్త అటూ ఇటూ వస్తుంది, దూరప్రయాణాలకు చేసిన ఎండ్యూరెన్స్ సైకిళ్లకు 1.5 చుట్టుపక్కల, ఆ పైన. జెయింట్ డిఫై, ట్రెక్ డొమానే, స్పెషలైజ్డ్ రూబే, కానన్‌డేల్ సినాప్స్ ఈ రెండో జాతివి. రోజంతా లాప్‌టాప్ ముందు మెడ వంచుకుని కూర్చునే గచ్చిబౌలి ఉద్యోగి వీపుకు రేసు భంగిమ ఇరవై నిమిషాలు నచ్చుతుంది. ఆ తరవాత చేతులు హ్యాండిల్ పైభాగానికి వచ్చేస్తాయి, ఛాతీ గాలికి తెరచాపలా నిలబడుతుంది. కాస్త ఎత్తైన హ్యాండిల్ ఉన్న సైకిల్ మీద అదే మనిషి మూడు గంటలు మోచేతులు వంచి ఉండగలడు. రెండు భంగిమల మధ్య తేడా 30 కిలోమీటర్ల వేగం దగ్గర సులువుగా 15 వాట్లు. సుఖంగా ఉన్న సైకిలే చివరికి ముందు ఇల్లు చేరేది ఇందుకే. హ్యాండిల్‌ని ఇంకా పైకి లేపి హైబ్రిడ్ కొనుక్కోవచ్చు కదా అంటే, ఊళ్లో పది కిలోమీటర్లకు అది చక్కని సైకిల్. చేవెళ్ల దాటి ఎదురుగాలి మొదలయ్యాక, పట్టుకోవడానికి ఒకే ఒక్క చోటున్న ఆ తిన్నటి హ్యాండిల్ చేతుల్ని మొద్దుబారుస్తుంది.

ఎత్తు తక్కువ ఉన్నవాళ్లు, ముఖ్యంగా అయిదు అడుగుల మూడు అంగుళాల లోపు ఆడవాళ్లు, ఇంకో విషయం చూసుకోవాలి. చిన్న ఫ్రేముల్లో పెడల్ మీద ఉన్న పాదం కొస తిరిగిన ముందు చక్రాన్ని తాకుతుంటుంది. టైరు వెడల్పైతే, పైన మడ్‌గార్డు కూడా వస్తే మరీనూ. వేగంలో ఉన్నప్పుడు దీనివల్ల ఏమీ కాదు, యూటర్న్‌లోనే పడేస్తుంది. షోరూమ్ ముందు ఖాళీ స్థలంలో నెమ్మదిగా ఎనిమిది అంకె వేసి చూస్తే తెలిసిపోతుంది. సీటు మాత్రం అక్కడ తేలే విషయం కాదు. కూర్చునే ఎముకల వెడల్పు మనిషి మనిషికీ మారుతుంది, మెత్తటి దిండు లాంటి సీటు గంట దాటాక నొప్పే పెడుతుంది. నచ్చకపోతే మార్చుకుంటే సరి.

ఆ మార్చుకోవడం అన్నదే కొనేటప్పుడు కొలబద్ద కావాలి. సీటు, టైర్లు, గేర్ల చక్రాలు, పెడల్స్, చివరికి చక్రాలు కూడా తరవాత మార్చుకోవచ్చు. ఫ్రేము సైజు, టైరుకు ఉన్న చోటు, మడ్‌గార్డు బిగించే రంధ్రాలు, బ్రేకుల రకం, ఇవి కొన్నరోజు ఎలా ఉన్నాయో చివరిదాకా అలాగే ఉంటాయి. కాబట్టి డబ్బు వీటి మీద పెట్టాలి, మెరిసేవాటి మీద కాదు. కంపెనీ చెప్పే గరిష్ఠ టైరు వెడల్పు 35 మిల్లీమీటర్లు ఉంటే ఎండాకాలం 32 వేసుకోవచ్చు, వానాకాలం మడ్‌గార్డుల కింద 28 లేదా 30 పడుతుంది. 28 దగ్గరే ఆగిపోయే ఫ్రేము ఎంత అందంగా ఉన్నా మన వానకు పనికిరాదు. మడ్‌గార్డు చూడ్డానికి ముసలి సైకిల్‌లా చేస్తుందని కుర్రాళ్లు మొహం చిట్లిస్తారు. జులైలో వెనక చక్రం వీపు మీదకు చిమ్మే నీళ్లలో ఏమేం కలిసి ఉంటాయో హైదరాబాద్ నాలాల గురించి తెలిసినవాళ్లకు చెప్పాల్సిన పని లేదు. పైగా ముందు మడ్‌గార్డు కాపాడేది మనిషిని మాత్రమే కాదు, చైనునీ పెడల్ ఇరుసు బేరింగులనూ కూడా.

బ్రేకుల విషయంలో తర్జనభర్జనకు పెద్దగా తావు లేదు. రిమ్ బ్రేకు తడిసినప్పుడు ముందు నీటి పొరను తుడవాలి, ఆ తరవాతే పట్టు. ఆ ఆలస్యం జూబ్లీహిల్స్ దిగుడులో, మొదటి వానకు రోడ్డు మీద నూనె తేలిన వేళ చాలా ప్రమాదం. డిస్క్ బ్రేకే తీసుకోవాలి. లక్ష లోపు సైకిళ్లలో ఎక్కువగా వైరుతో నడిచే మెకానికల్ డిస్క్ వస్తుంది, అది ఏ మెకానిక్ అయినా సరిచేసేదే. హైడ్రాలిక్ ఒక వేలితో ఆగుతుంది, వానలో బురద మధ్య ఆ తేడా బాగా తెలుస్తుంది. అయితే షిమానో హైడ్రాలిక్ బ్రేకుల్లో పోసేది మినరల్ ఆయిల్. మోటార్‌సైకిల్ మెకానిక్ దగ్గర సులువుగా దొరికే డాట్ ఫ్లూయిడ్ పోస్తే లోపలి సీళ్లు పాడవుతాయి. కొనే షాపులో బ్లీడింగ్, అంటే బ్రేకు గొట్టాల్లో గాలి తీసి ఆయిల్ నింపడం, చేయగలిగిన మనిషి ఉన్నాడో లేడో అడగడం అందుకే.

గేర్ల గురించి ఇంతసేపు మాట్లాడకపోవడానికి కారణం, అందరూ అనుకునేంత తేడా అక్కడ లేకపోవడం. క్లారిస్‌లో వెనక 8 గేర్లు, సోరాలో 9, టియాగ్రాలో 10, 105లో 11 లేదా 12, షిమానో కంపెనీ గేర్ల సెట్టుల్లో మెట్లు ఇవి. పై మెట్టుకు పోయేకొద్దీ గేరు మారడం నున్నగా ఉంటుంది, కాళ్లకు అందే సాయం మాత్రం పళ్ల లెక్కలోనే ఉంటుంది. ముందు 50, 34 పళ్ల చక్రాలు, వెనక 11 నుంచి 34 పళ్ల దాకా చక్రాలు ఉంటే చాలు. పది శాతం ఎక్కుడులో నిమిషానికి 70 సార్లు తొక్కుతూ పోవాలంటే 34-34 గేరులో 85 కిలోలకు సుమారు 210 వాట్లు కావాలి, వెనక పెద్ద చక్రం 28 పళ్లదే అయితే 250 దాటుతుంది. మొదటిది కష్టపడితే అందుతుంది, రెండోది చాలామందికి మోకాళ్ల నొప్పిగా మారుతుంది. పై గేరులో 50-11తో 90 సార్లు తొక్కితే వేగం 50 దాటుతుంది, అంతకన్నా పెద్ద గేరు ఈ ఊళ్లో ఎవరికి కావాలో తెలీదు.

కార్బన్, అల్యూమినియం వాదన కూడా టైరు వెడల్పు ముందు చిన్నబోతుంది. కార్బన్ ఫోర్కు ఉన్న మంచి అల్యూమినియం ఫ్రేము, 32 టైర్లు కలిస్తే, 25 టైర్ల మీద ఉన్న కార్బన్ కన్నా సుఖమే. స్టీలు బరువు, లోపల నీళ్లు నిలిస్తే తుప్పు, కానీ వెల్డింగ్‌తో సులువుగా బాగుపడే లోహం అది. ఏ ఫ్రేము అయినా గట్టి వానలో తొక్కాక సీటు గొట్టం తీసి సైకిల్‌ని తలకిందులు చేస్తే లోపలి నీళ్లు కారిపోతాయి. చైను తుడిచి నూనె వేయాలి. వేసవి దుమ్ములో పల్చటి డ్రై లూబ్, వానల్లో చిక్కటి వెట్ లూబ్. వానాకాలపు నూనెను ఎండాకాలంలోకి కొనసాగిస్తే అది దుమ్మును పట్టుకుని సానరాయిలా గేర్లను అరగదీస్తుంది.

మట్టి, కంకర దారుల కోసం చేసే గ్రావెల్ బైక్ కొని నున్నటి 35 టైర్లు వేసుకుంటే సరిపోదా అని కొందరు అడుగుతారు. చాలావరకు సరిపోతుంది. ముందు ఒకే పళ్ల చక్రం ఉన్న మోడల్ అయితే గేర్ల మధ్య దూరం ఎక్కువై గుంపుతో సమానంగా తొక్కడం ఇబ్బంది, అంతే తేడా. 200, 300 కిలోమీటర్ల బ్రెవెట్లు, అంటే గడువులోగా ముగించాల్సిన దూరపు రైడ్‌లు, తొక్కాలనుకునేవాళ్లకు ఇదీ మంచి దారే. 200కి పదమూడున్నర గంటలు, 300కి ఇరవై గంటలు గడువు ఉండే ఆ రైడ్‌లలో నిలబెట్టేది నొప్పి లేని నడుమే. రాత్రి లైట్లు బిగించడానికి, బ్యాగు కట్టడానికి అలాంటి ఫ్రేములో చోటూ ఎక్కువ.

2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. మిగిలిన ఆ డబ్బుకు గేర్ల సెట్టులో పై మెట్టు రాకపోవచ్చు, ఒక జత మంచి టైర్లకు సాయపడుతుంది. ఇక లాక్‌డౌన్ రోజుల్లో ఉత్సాహంగా కొని, బాల్కనీలో నిలిపేసిన రోడ్ బైకులు సెకండ్ హ్యాండ్‌లో కనిపిస్తూనే ఉంటాయి. వాటిని చూడ్డానికి వెళ్లేటప్పుడు వెర్నియర్ కాలిపర్ ఒకటి తీసుకెళ్తే మేలు. వెనక ఫ్రేము కొమ్ముల మధ్య, ముందు ఫోర్కు లోపల సందు కొలిచి, రెండు పక్కలా నాలుగేసి మిల్లీమీటర్లు వదిలేస్తే మిగిలేదే అందులో పట్టే టైరు. 25 దాటని రిమ్ బ్రేకు రేసింగ్ ఫ్రేము సగం ధరకు వస్తున్నా ఊరుకోవచ్చు. కారు వెనక కట్టుకుని నార్సింగి దాకా తీసుకెళ్లి, కప్పు కింద ట్రాక్ మీద తొక్కి, మళ్లీ కట్టుకుని వచ్చేవాళ్లు ఎవరో దాన్ని కొనుక్కుంటారు.